ఒంటి చదువు

ఏటా జూన్ 21న మన ఆశ్రమ పాఠశాలల మైదానాల్లో దాదాపు ఒకే పని జరుగుతుంది. బడులు తెరిచి పది రోజులైనా కాకముందే, ఇంకా ఇంటి బెంగ తీరని పిల్లల్ని వరుసల్లో నిలబెడతారు. మైకులో ఒక మాష్టారు ఆసనాల పేర్లు చెబుతారు. పిల్లలు చేస్తారు. ఫొటోలు తీసి పై ఆఫీసుకు పంపుతారు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తుంది. అదే మైదానంలో అదే పిల్లలు థింసా ఆడతారు. దానికీ ఫొటోలు తీస్తారు. మొదటి ఫొటో ఆరోగ్యం, వ్యాయామం అనే పద్దు కిందికి పోతుంది. రెండోది సాంస్కృతిక కార్యక్రమం అనే పద్దు కిందికి పోతుంది. మొదటిదాన్ని విద్య అంటున్నాం, రెండోదాన్ని ఆట అంటున్నాం.

రెండూ ఒంటితో చేసేవే. రెండింటికీ ఊపిరి కావాలి, నిలకడ కావాలి, ఏళ్ల అలవాటు కావాలి. మరి ఒకటి విద్య ఎలా అయింది, ఇంకొకటి ఆటగా ఎలా మిగిలింది? మన యువకులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ఒక ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే మొదలవ్వాలని నా ఉద్దేశం. యోగా, కర్రసాము, కలరిపయట్టు లాంటి సంప్రదాయ విద్యలు మనం నేర్చుకోవాలా, వద్దా అని వాళ్లు అడుగుతున్నారు. అవి మనవి కావు, మైదానం నుంచి మన మీదికి వచ్చినవి, వద్దు అనేవాళ్లున్నారు. ఇవన్నీ భారతీయ విద్యలు, మనమూ భారతీయులమే, ఇందులో ప్రశ్నేముంది అనేవాళ్లూ ఉన్నారు. నాకు ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలుగానే కనిపిస్తాయి.

యోగా అయిదు వేల ఏళ్ల నాటిదని మైకులో చెబుతారు. ధ్యానం, శ్వాస, నియమాల గురించిన ఆలోచన పాతదే, అందులో సందేహం లేదు. కానీ పతంజలి యోగసూత్రాలు రమారమి 195 ఉంటే, ఆసనం గురించి నేరుగా చెప్పేవి మూడే. అవి కూడా ధ్యానానికి కూర్చునే తీరు గురించే. 15వ శతాబ్దం నాటిదని చెప్పే హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు 15. ఇవాళ మన పిల్లలు వరుసల్లో నిలబడి, ఒకదాని తర్వాత ఒకటిగా, లెక్క ప్రకారం చేసే పద్ధతికి చాలా వరకు రూపం వచ్చింది 20వ శతాబ్దంలో. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు సూర్యనమస్కారాలను బడి వ్యాయామంగా మార్చి, వాటి మీద పుస్తకం రాసి ప్రచారం చేశాడు. మైసూరు రాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్ ఆదరణలో తిరుమలై కృష్ణమాచార్య 1930లలో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపాడు. అక్కడ నేర్చుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ దాన్ని దేశదేశాలకు తీసుకుపోయారు. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి యోగా దినం తీర్మానం చేసినప్పుడు 177 దేశాలు దాన్ని బలపరిచాయి.

యోగాని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. పాతదాన్ని తీసుకుని, పనికొచ్చేలా సరిచేసి, కొత్త తరానికి అందించారు. అది మంచి పనే. నేను చూపించదలచుకున్నది వేరు. దానికి రాజు ప్యాలెస్ దొరికింది, అచ్చు పుస్తకం దొరికింది, నేర్చుకుని బయటికి పోయి చెప్పే శిష్యులు దొరికారు. థింసాకు ఈ మూడింటిలో ఒక్కటీ దొరకలేదు. విద్య అన్న పేరు ఒక అభ్యాసానికి దాని లోతును బట్టి మాత్రమే రాదు. దాని వెనుక ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి కూడా వస్తుంది.

థింసానే తీసుకుందాం. అరకు, పాడేరు వైపు దీంట్లో ఎన్నో రకాలున్నాయి. ఊరూరికీ కొంత తేడా ఉంటుంది. గొడ్డిబేట థింసాలో ఒంటిని ముందుకు వంచి లేపుతూ, ఇరవై అయిదు అడుగుల దాకా పోయి, మళ్లీ అలాగే వెనక్కి వస్తారు. ఇలా నాలుగయిదు సార్లు. నడుముకు, తొడలకు అది ఎంత పనో ఆడినవాళ్లకు తెలుసు. పోతర్ తోలా ఆకులు కోసే ఆట. రెండు వరుసలు కట్టి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసి, తలలు కుడికీ ఎడమకీ తిప్పుతూ ముందుకూ వెనక్కూ కదులుతారు. కుందా థింసాలో తాళం తప్పకుండా భుజంతో భుజాన్ని నెట్టుకుంటారు. నెట్టాలి, పడిపోకూడదు, పక్కవాళ్లను పడేయకూడదు.

ఇక బాగ్ థింసా. బాగ్ అంటే పులి. పులి మీద పడితే తప్పించుకునే ఒడుపు ఈ ఆటలో ఉందంటారు. సగం మంది చేతులు కలిపి వలయం కడతారు, మునివేళ్ల మీద నిలబడి తలలు వంచుతూ ఎత్తుతూ ఉంటారు. మిగతా సగం వలయంలోకి దూరి, వేగంగా తిరుగుతూ పాము చుట్టలా చుట్టుకుంటారు. తుడుము మోగుతుంది, మోరి పలుకుతుంది, తాళం పెరిగే కొద్దీ అడుగు పెరుగుతుంది. ఇది యుద్ధ విద్య కాదా? కేరళలోనో మణిపూర్‌లోనో ఉంటే అవునని ఎవరో ఒకరు పుస్తకం రాసి ఉండేవారేమో. మన దగ్గర మాత్రం మంత్రిగారు వచ్చినప్పుడు హెలిప్యాడ్ దగ్గర ఎండలో నిలబడి ఆడాల్సిన స్వాగతం అయింది.

ఇంకో చిన్న సంగతి. మలాసనం అని ఒకటి ఉంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, గొంతుకు కూర్చోవడం. నగరాల్లో డబ్బులు కట్టి దీన్ని నేర్చుకుంటున్నారు, మోకాళ్లు సహకరించక నెలల తరబడి ఇబ్బంది పడుతున్నారు. మన ఇళ్లలో అవ్వలు అలా కూర్చునే సామలు చెరుగుతారు, పొయ్యి ఊదుతారు, కబుర్లు చెబుతారు. మన పిల్లలు ఆ కూర్చునే తీరుతోనే బడికి వస్తారు. పదేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టి ఆ అలవాటు పోగొట్టి, తర్వాత యోగా పీరియడులో సంస్కృతం పేరుతో దాన్నే తిరిగి నేర్పుతాం. నాకైతే నవ్వొస్తుంది. కానీ ఆ పిల్లకు, నువ్వు ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నది ఇదే అని ఎవరూ చెప్పకపోవడం నవ్వే విషయం కాదు.

ఇంతవరకూ పేరు గురించి చెప్పాను. పేరు దొరికితే అంతా అయిపోయినట్టు కాదు. అసలు ప్రశ్న దాని కింద ఉంది. ఒంటికి శిక్షణ ఇచ్చుకోవడం ఎందుకు, ఎవరి కోసం?

యోగా చాప ఒక మనిషికి సరిపోయేంతే ఉంటుంది. ఆ చాప మీద నువ్వూ, నీ ఊపిరీ. దానివల్ల వచ్చే మేలు నిజమే. పట్నంలో హాస్టల్ గదిలో నలుగురితో ఇరుకుగా ఉండి పోటీ పరీక్షలకు చదివే మన కుర్రాడికి, తెల్లవారుజామున అరగంట ఒంటరిగా కూర్చుని ఊపిరి చూసుకోవడం మందులాంటిది. అది చేస్తున్న పిల్లల్ని నేనెరుగుదును, చేయమనే చెబుతాను. థింసా అలా కాదు. దాన్ని ఒక్కరు ఆడలేరు. పక్కవాళ్ల చేయి నీ వీపు మీదుగా వస్తుంది, నీ చేయి వాళ్ల వీపు మీదుగా పోతుంది. వరుసలో అలసినదాన్ని మిగతావాళ్లు మోస్తారు. ముసలమ్మ అడుగు చిన్నదయితే వరుసంతా అడుగు తగ్గించుకుంటుంది. ఒంటి చదువు అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలు వస్తాయి, ఒళ్లు నేర్చే చదువని ఒకటి, ఒంటరి చదువని ఇంకొకటి. యోగాలో ఆ రెండూ కలిసి ఉన్నాయి. మన ఆటలో మొదటిదే ఉంది.

ఏది గొప్ప అని అడగకండి. రెండూ కావలసిన కాలంలో ఉన్నాం. గూడెంలో ఉన్నంత కాలం మన ఒళ్లు ఊరిది కూడా. పట్నం పోయాక అది నీ ఒక్కడిదే అవుతుంది, దాని బరువు నీ ఒక్కడి మీదే పడుతుంది. ఆ బరువు మోయడానికి పనికొచ్చే విద్య ఎవరి దగ్గర ఉన్నా తీసుకోవడంలో తప్పు లేదు. తీసుకునేటప్పుడు ఇంటిది పారేసి రమ్మంటే మాత్రం ఒప్పుకోకూడదు.

యుద్ధ విద్యల దగ్గరికొస్తే ప్రశ్న ఇంకా గట్టిపడుతుంది. ఎదుటివాడిని పడగొట్టే నేర్పు చేతికి వచ్చాక ఆ చేతిని ఆపేది ఏది?

కలరిపయట్టులో దీనికి ఒక జవాబు ఉంది. అక్కడ శిక్షణ మెట్లు మెట్లుగా సాగుతుంది. ముందు ఒళ్లు, తర్వాత కర్ర, ఆ తర్వాత కత్తి, చివరికి ఖాళీ చేతులు. మర్మ స్థానాలు, అంటే దెబ్బ తగిలితే మనిషి కూలిపోయే చోట్లు, చివర్లో చెబుతారు. అది కూడా ఏళ్ల తరబడి చూసి, నమ్మకం కుదిరిన శిష్యుడికే. ఇంకో విశేషం, ఆ గురుక్కళ్లే వైద్యులు కూడా. ఎముక విరిగినా కీలు తప్పినా ఊరివాళ్లు ఆయన దగ్గరికే పోతారు, ఆయనే నూనె పట్టించి మర్దన చేస్తాడు. విరగ్గొట్టే చోటు తెలిసినవాడికి అతికించే తీరు కూడా తెలిసి ఉండాలన్న ఏర్పాటు అది. నాకు ఆ విద్యలో అన్నిటికన్నా నచ్చినది ఇదే. 2017లో పద్మశ్రీ అందుకున్న మీనాక్షి అమ్మ డెబ్బై దాటిన వయసులోనూ వడకరలో పిల్లలకు కత్తి, కర్ర నేర్పుతూ కనిపించారు.

అదే కేరళ చరిత్రలో మనం తప్పక తెలుసుకోవలసిన ఇంకో పుట ఉంది. వయనాడు కొండల్లో కురిచియ ఆదివాసీలు పేరుమోసిన విలుకాళ్లు. పళస్సి రాజు ఈస్టిండియా కంపెనీ మీద పోరాడినప్పుడు ఆయన బలం చాలా వరకు ఈ విలుకాళ్లే. 1802లో తలక్కల్ చందు అనే కురిచియ నాయకుడు, ఎడచ్చెన కుంగన్‌తో కలిసి, పనమరంలోని కంపెనీ దళం మీద దాడి చేసి దాన్ని తుడిచిపెట్టాడు. 1805లో కంపెనీ చందును పట్టుకుని చంపింది. ఆ తిరుగుబాటు రోజుల్లో కంపెనీ మలబారులో ఆయుధాలు పట్టకూడదని నిషేధం పెట్టింది, కలరులు దెబ్బతిన్నాయి. 1920లలో తలశ్శేరి చుట్టుపక్కల కలరిని మళ్లీ నిలబెట్టారు. ఇవాళ అది అంతర్జాతీయ వేదికల మీద ఉంది. కత్తి, డాలు, ఉరుమి అన్నీ వేదిక ఎక్కాయి. కురిచియ విల్లు మాత్రం నేను చూసిన ఏ ప్రదర్శనలోనూ కనిపించలేదు.

మన దగ్గరా ఇంతే. అల్లూరి విగ్రహం లేని మండల కేంద్రం మన ఏజెన్సీలో అరుదు. విగ్రహం చేతిలో విల్లుంది. ఆ పక్కనే ఉన్న బడిలో విల్లు లేదు.

విల్లు ఎందుకు పోయిందో మనకు తెలుసు. చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు పోవడం, ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్లను ఆడవాళ్లు ఆటపట్టించడం పాడేరు, అరకు వైపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమయింది. అడవిలో జంతువులూ తగ్గిపోయాయి. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ వేట ఆచారానికి మిగిలిన గుర్తు మాత్రమే. వేట మళ్లీ రావాలని నేను అనను. అయితే వేటతో పాటు పోయినదేమిటో కూడా చెప్పుకోవాలి. కదలకుండా గంటలు కూర్చోవడం, ఆకు చప్పుడును బట్టి దూరం పోల్చుకోవడం, ఊపిరి బిగబట్టి వదలడం, దొరికినదాన్ని ఊరంతా పంచుకోవడం. ధ్యానం అనే మాట వాడకుండానే మా తాతల తరం ఇవన్నీ చేసింది. ఇప్పుడు ఇవే పనులు మా పిల్లలకు ఏకాగ్రత శిక్షణ అనే పేరుతో వస్తున్నాయి, పంచుకోవడం ఒక్కటి తప్ప.

విల్లు తిరిగి రావడానికి ఒక దారి ఆటల పోటీలు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా ఆదివాసీ పల్లెలో పుట్టిన లింబారామ్, వెదురు విల్లుతో పిట్టలు కొట్టే కుర్రాడు. 1980లలో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఆదివాసీ ప్రాంతాల్లో విలుకాళ్ల కోసం వెతికినప్పుడు దొరికాడు. 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. వెదురు విల్లు పట్టిన చేతికి, ఎన్నడూ చూడని ఆధునిక విల్లు ఇస్తే కొద్ది కాలంలోనే అంతర్జాతీయ స్థాయికి చేరింది. అంటే ఆ చేతికి అప్పటికే చదువు వచ్చు.

విల్లు మాట వస్తే ఏకలవ్యుడి పేరు రాకుండా ఉండదు. 1997-98 నుంచి కేంద్రం మన పిల్లల కోసం నడుపుతున్న గురుకులాలకు ఆయన పేరే పెట్టారు. గురుదక్షిణగా బొటనవేలు ఇచ్చిన శిష్యుడని చెప్పి ఆ కథను ముగిస్తారు. నా దృష్టి ఎప్పుడూ అంతకు ముందు జరిగిన దాని మీదికి పోతుంది. మొరుగుతున్న కుక్క నోట్లోకి బాణాలు వేసి, చంపకుండా, మొరగడం ఒక్కటే ఆపాడు. అర్జునుడు ఆశ్చర్యపోయింది ఆ నేర్పుకే. చంపగలిగి కూడా చంపకుండా ఆపడం తెలిసినవాడు అడవిలో ఉన్నాడు. ఆ విద్యను చూసి భయపడి వేలు అడిగినవాడు రాజుగారి కొలువులో ఉన్నాడు. ఏది ఉత్తమ విద్య అన్న ప్రశ్నకు కథలోనే జవాబు ఉంది, మనం అటు చూడకుండా వేలు దగ్గరే ఆగిపోతున్నాం. పైగా ఇవాళ ఒలింపిక్స్‌లో నారిని లాగేది చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. బొటనవేలు నారిని తాకదు. ఈ మాట చెబితే మా తొమ్మిదో తరగతి పిల్లలు గట్టిగా నవ్వారు, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మన యువకుల ఒంటి బలానికి ఇవాళ బజారులో ఉన్న ధర ఏమిటో చూడండి. అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం. పెళ్లి హాలు ముందు బౌన్సర్ పని. కానిస్టేబుల్ పోస్టు కోసం 1600 మీటర్ల పరుగు. ఉద్యోగం తప్పని నేను అనడం లేదు, ఇంటికి జీతం రావాలి. కానీ మన కొండల్లో కొన్ని దశాబ్దాలు తుపాకీని రెండు వైపులా పట్టింది మన పిల్లలే. చనిపోయింది కూడా రెండు వైపులా మన పిల్లలే. బలం ఉన్నచోట దాన్ని ఎవరో ఒకరు తమ పనికి వాడుకుంటారు. ఎవరు, ఎందుకు వాడుకుంటున్నారని అడిగే తెలివి బలంతో పాటు నేర్పని శిక్షణ, అది కరాటే అయినా కర్రసాము అయినా, సగం శిక్షణే.

పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడిని తెలుగువాళ్లు కలియుగ భీముడంటారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నాడని, ఊపిరి బిగబట్టి గొలుసులు తెంచాడని మన తాతలు కథలుగా చెప్పేవారు. ఆయన బలానికి వెనుక ప్రాణాయామ సాధన ఉందని కూడా చెబుతారు. మా చిన్నప్పుడు ఆ కథలు విని కుర్రాళ్లందరం ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగేవాళ్లం. గెలిచినవాడికి వచ్చేది ఏమీ లేదు. అయినా మునిగేవాళ్లం.

ఇక ఉపాధ్యాయ మిత్రులతో కొన్ని మాటలు.

యోగాలో ఆసనం కన్నా ముందు యమాలు వస్తాయి. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. వీటిని గోడల మీద రాయిస్తున్నాం. అపరిగ్రహం అంటే అవసరానికి మించి పోగు చేసుకోకపోవడం. మూడు జతల బట్టలూ ఒక రేకు పెట్టే ఉన్న పిల్లకు దాన్ని బోధిస్తున్నప్పుడు మన గొంతు కొంచెం తగ్గాలి. ఆ పిల్ల ఊరి కొండలో బాక్సైట్ ఉంది. ఆ కొండ కావాలనుకున్నవాళ్లు ఉన్నారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాకపోతే షెడ్యూల్డు ప్రాంతంలో గనుల కథ ఇంకోలా ఉండేది. అపరిగ్రహం నిజంగా నేర్పదలచుకుంటే, అది ఎవరెవరు నేర్చుకోవాలో కూడా పిల్లలతో కలిసి చర్చించండి. వాళ్లు చెప్పే జవాబులు వినదగ్గవిగా ఉంటాయి.

అహింస పేరుతో తిండి మీద మాట్లాడేవాళ్లూ వస్తారు. యోగా చేసేవాళ్లు గుడ్డు తినకూడదు, మాంసం తినకూడదు అని. రక్తహీనత ఉన్న ఆడపిల్లల పళ్లెంలోంచి గుడ్డు తీసేసే అహింస మనకు అక్కరలేదు. ఆ మాట అతిథిగా వచ్చినవారు అన్నా సరే, తర్వాత తరగతిలో మనం సరిదిద్దాలి. వేటాడి బతికిన తాతలకు హింసాపరులనే పేరు పిల్లల మనసులో పడకుండా చూసుకోవలసింది మనమే.

వరుసల్లో నిలబెట్టే ముందు ఏ పిల్లకు సికిల్ సెల్ ఉందో తెలుసుకోండి. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, మన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ పిల్లలు అతిగా అలసినా, ఒంట్లో నీరు తగ్గినా, చలిలో తడిసినా భరించలేని నొప్పి వస్తుంది. వాళ్లకు వ్యాయామం అసలే వద్దని కాదు. మధ్యమధ్య నీళ్లు తాగనివ్వాలి, ఆయాసం వచ్చినప్పుడు కూర్చోనివ్వాలి, డాక్టరు చెప్పిన హద్దు దాటనివ్వకూడదు. అలసిపోయానన్న పిల్లను సోమరి అనే ముందు కార్డు చూడండి.

ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇప్పుడు చాలా బడుల్లో ఇస్తున్నారు. కరాటే మాష్టారు వస్తారు, కొన్ని నెలలు నేర్పుతారు, పోతారు. మంచిదే. చేయి ఎత్తగలనన్న ధైర్యం చిన్న విషయం కాదు. అయితే మన పిల్లలకు ఎదురయ్యే ప్రమాదం చాలాసార్లు చీకట్లో వచ్చే కొత్తవాడి రూపంలో ఉండదు. తెలిసినవాడి రూపంలో, అధికారం ఉన్నవాడి రూపంలో ఉంటుంది. అప్పుడు చేయి లేవదు, నోరు కూడా లేవదు. గురువు మాటకు ఎదురు చెప్పకూడదని ఒక పక్క నేర్పుతూ, ఇంకో పక్క కరాటే నేర్పితే ఆ పిల్ల ఏం చేయాలి? కాదు అని చెప్పడం, ఎవరికి చెప్పాలో తెలియడం, చెప్పాక నమ్మే పెద్దమనిషి ఒకరు ఉండడం, ఇవి లేకుండా దెబ్బలు నేర్పి లాభం తక్కువ. కుందా థింసాలో నెట్టినా పడకుండా నిలబడే అమ్మాయిల వరుసను నేను ఎప్పుడు చూసినా ఇదే ఆలోచన వస్తుంది. అక్కడ ఏ అమ్మాయీ ఒక్కతే ఉండదు.

ఆటను విద్యగా మార్చే తొందరలో జరిగే నష్టం గురించి కూడా జాగ్రత్త పడాలి. 2020 డిసెంబరులో యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించారు. అదే నెలలో కలరిపయట్టు, గట్కా, తాంగ్-తా, మల్లఖంబలను ఖేలో ఇండియా యువ క్రీడల్లో చేర్చారు. దానివల్ల కొందరు పిల్లలకు సర్టిఫికెట్లు వస్తాయి, ఉద్యోగాల్లో కొంత వెసులుబాటు వస్తుంది. కానీ మనసును కుదుట పరచడానికి పుట్టిన దానికి జడ్జీలు మార్కులు వేయడం చూస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. రేపు థింసాకూ సిలబస్ వస్తే, ఇరవై అయిదు అడుగులు వేశారా లేదా అని లెక్కపెట్టి మార్కులు వేసే రోజు వస్తే, ముసలమ్మ కోసం అడుగు తగ్గించుకున్న వరుస ఓడిపోతుంది. అందుకని పాఠ్యపుస్తకంలో చేర్చమని అడిగేటప్పుడు దేన్ని చేర్చమంటున్నామో మనకు స్పష్టంగా ఉండాలి. అడుగులు రాయవచ్చు. ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి అన్నది రాయడం కష్టం.

మాకు దగ్గర్లోని ఒక బడిలో ఒక టీచరమ్మ ఈ మధ్య యోగా దినాన ఒక పని చేసింది. మైకు ఆపేశాక పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి, ఇందాక చేసిన ఆసనాల్లో మీ ఇళ్లలో ఎవరైనా చేసేవి ఉన్నాయా, వాటిని మీరేమంటారు అని అడిగింది. ముందు ఎవరూ మాట్లాడలేదు. ఒక పిల్ల లేచి, మలాసనం మా అవ్వ కూర్చునేదే టీచర్ అని చెప్పింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. చెట్టెక్కేటప్పుడు కాలు పెట్టే తీరు, నీళ్ల కుండ నెత్తికెత్తుకునే తీరు, జీలుగు కల్లు దించేవాడు మానుకు ఆనుకునే తీరు. ఆదివాసీ ఒడియాలో, కువిలో, కొండ భాషలో పేర్లు చెబుతుంటే ఆవిడ వాటిని తెలుగు లిపిలో బోర్డు మీద రాసుకుంటూ పోయింది. బోర్డు నిండిపోయింది. కుక్కుటాసనానికి మాత్రం ఎవరి దగ్గరా పేరు దొరకలేదు. పద్మాసనం వేసి, తొడల సందుల్లోంచి చేతులు దూర్చి, ఒంటిని పైకి లేపేది అది. అలా ఎవరూ కూర్చోరు టీచర్, అన్నారు పిల్లలు.